ఆగిన చోటు మరిచిపోని ప్రోగ్రాము

ఫోన్‌లో రైలు టికెట్టు వెతుకుతాం. ఊళ్ల పేర్లూ తేదీ ఇచ్చి వేలు ఆనించగానే తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలవుతుంది. ఒక్కోసారి చిటికెలో ఆగిపోతుంది, ఒక్కోసారి విసుగు పుట్టేదాకా తిరుగుతూనే ఉంటుంది. సెకనుకు కోట్ల లెక్కలు చేసే యంత్రం ఇంతసేపు ఏం చేస్తోంది అన్న సందేహం అప్పుడు చాలామందికి వస్తుంది. తెర వెనక ఏదో పెద్ద లెక్క నడుస్తోందని అనుకుంటాం. ఆ సమయంలో చాలా భాగం ఏ లెక్కా నడవదు. ఫోను సర్వరు జవాబు కోసం చూస్తుంటుంది, సర్వరు డేటాబేసు జవాబు కోసం చూస్తుంటుంది, డేటాబేసు డిస్కు నుంచి రావలసిన సమాచారం కోసం చూస్తుంటుంది. గొలుసు పొడవునా ఉన్నది ఎదురుచూపే.

ఈ ఎదురుచూపును ఎలా నిభాయించాలన్నది ప్రోగ్రాములు రాసేవాళ్లకు పాత సమస్య. దానికి దొరికిన మంచి జవాబు ఒక చిన్న నేర్పులో ఉంది: పని మధ్యలో ఆగగలగడం, ఆగిన చోటు గుర్తుంచుకోవడం, పిలిచినప్పుడు అక్కణ్నుంచే సాగడం. దీన్నే ఇంగ్లీషులో కోరొటీన్ అంటారు. ఇదే నేర్పు, చూడ్డానికి ఏ సంబంధమూ లేని ఇంకో సమస్యను కూడా తీరుస్తుంది. అంతం లేనంత పెద్ద సమాచారాన్ని చిన్న మెమరీలో నడిపించడం ఆ రెండో సమస్య. పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ వేరువేరు పాఠాలుగా చెబుతాయి. అవి వేరు కావనీ, ఒకటే ఆలోచనకు రెండు కొసలనీ ఈ అధ్యాయం వాదన. అలా చూస్తేనే రెండూ సులువుగా అర్థమవుతాయి.

ఎదురుచూపు ఖరీదు

ముందు ఎదురుచూపు పొడవు ఎంతో చూద్దాం. 3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసరు ఒక్క అడుగు వేయడానికి పట్టే కాలం సెకనులో 300 కోట్లవ వంతు. అది మన ఊహకు అందదు. అందుకని ఆ ఒక్క అడుగును సాగదీసి ఒక సెకను అనుకుందాం. ఆ లెక్కన ప్రధాన మెమరీ నుంచి ఒక సంఖ్యను తెచ్చుకోవడానికి, అంటే దాదాపు 100 నానోసెకన్ల పనికి, 5 నిమిషాలు పడుతుంది. ఎస్‌ఎస్‌డి డిస్కు నుంచి చదవడానికి సుమారు 100 మైక్రోసెకన్లు పడితే, అది మూడున్నర రోజులవుతుంది. హైదరాబాదు నుంచి అమెరికా తూర్పు తీరంలో ఉన్న సర్వరును అడిగి జవాబు తెచ్చుకోవడానికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. మన కొలతలో అది 19 ఏళ్లు. ప్రశ్న పంపిన రోజున పుట్టిన బిడ్డ, జవాబు వచ్చేసరికి డిగ్రీ చదువుతుంటుంది. ఆ 19 ఏళ్లూ ప్రాసెసరు చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలా అన్నదే ప్రశ్న.

పాత పద్ధతిలో జవాబు సూటిగా ఉండేది: ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క గుమాస్తా. ఆ గుమాస్తా పేరు థ్రెడ్. ఫైలు వచ్చేదాకా ఒక గుమాస్తా ఖాళీగా కూర్చున్నా, మిగతా గుమాస్తాలు తమ పని తాము చేసుకుంటారు. పదిమందికి, వందమందికి ఇది చక్కగా నడుస్తుంది. 1999లో డాన్ కెగెల్ అనే ఇంజనీరు ఒక ప్రశ్నను అందరి ముందూ పెట్టాడు: ఒకే సర్వరు ఒకేసారి 10,000 మందికి జవాబు చెప్పగలగాలంటే ఏం చేయాలి? అప్పుడు ఈ గుమాస్తాల ఖర్చు కళ్లకు కట్టింది. లినక్స్‌లో ఒక్కో థ్రెడ్‌కూ మామూలుగా 8 మెగాబైట్ల చోటు కేటాయిస్తారు. అదంతా నిజంగా వాడుకోకపోవచ్చు, కాని 10,000 థ్రెడ్లంటే లెక్కలో 80 గిగాబైట్లు రాసిపెట్టినట్టే. పైగా ఒక గుమాస్తాను లేపి ఇంకొకర్ని కూర్చోబెట్టే ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టం కల్పించుకోవాలి. కూర్చుని ఎదురుచూడ్డం కోసమే ఇంత ఏర్పాటు.

రెండో దారి, చీటీ పెట్టి వెళ్లడం. "జవాబు వచ్చాక ఈ పని చేయండి" అని ఒక పనిముక్కను అప్పగించి మనం వేరే పని చూసుకోవడం. దీన్ని కాల్‌బ్యాక్ అంటారు. యంత్రానికి ఇది హాయి, చదివే మనిషికి మాత్రం కష్టం. టికెట్టు అమ్మడాన్నే తీసుకోండి. సీటు ఉందో లేదో చూడాలి, డబ్బు కట్టించుకోవాలి, సీటు రాసివ్వాలి, ఎస్‌ఎంఎస్ పంపాలి. మనసులో ఇది నాలుగు వరుస మాటలు. కాల్‌బ్యాక్‌లలో రాస్తే చీటీలో చీటీ, ఆ చీటీలో ఇంకో చీటీ అవుతుంది. డబ్బు కట్టాక సీటు దొరక్కపోతే ఆ సంగతి ఏ చీటీలో రాయాలి? తప్పు జరిగినప్పుడు దాన్ని ఎవరికి చెప్పాలో తెలియని ప్రోగ్రాము ఎంత వేగంగా నడిచినా నమ్మదగ్గది కాదు. కావలసింది మూడోది: మనసులో అనుకున్న వరసలోనే రాయాలి, ఎదురుచూసే చోట మాత్రం ప్రాసెసరును ఇంకొకరికి వదిలిపెట్టాలి.

కథకుడూ వంతలూ

మామూలు ప్రోగ్రాములో ఒక పనిముక్క ఇంకో పనిముక్కను పిలుస్తుంది. పిలిపించుకున్నది పని పూర్తిచేసి, ఫలితం చేతికిచ్చి, తన సంగతంతా మరిచిపోతుంది. బజారుకు పంపిన కుర్రాడి లాంటిది ఇది. పాలు తెచ్చిస్తాడు, మళ్లీ పంపితే మళ్లీ ఇంటి గడప దగ్గర్నుంచే బయలుదేరతాడు. సగం దారిలో ఆగి, రేపు అక్కణ్నుంచి నడవడం అతనికి కుదరదు. దీన్ని సబ్‌రొటీన్ అంటారు.

బుర్రకథ వేదిక మీద జరిగేది వేరు. మధ్యలో తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథకుడు యుద్ధఘట్టం నడుమ ఆపుతాడు. హాస్యపు వంత ఒక మాట విసురుతాడు, రాజకీయపు వంత దాన్ని ఇవాళ్టి సంగతికి ముడివేస్తాడు, కథకుడు మళ్లీ అందుకుంటాడు. అందుకున్నప్పుడు కథ మొదట్నుంచి ఎత్తుకోడు, వీరుడు ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండగా అక్కణ్నుంచి సాగిస్తాడు. వంతలు కూడా తమ వరస ఎక్కడ ఆగిందో మరిచిపోరు. ఒకరు యజమాని, ఇంకొకరు సేవకుడు అన్న తేడా లేకుండా ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు తమ కథను ముందుకు నడుపుతారు. కోరొటీన్ సరిగ్గా ఇదే. అందుకే దాన్ని ఇక్కడ వంతుపని అందాం.

ఈ పేరుకు మూలమైన ఇంగ్లీషు మాటను 1958లో వాడుకలోకి తెచ్చినవాడు మెల్విన్ కాన్వే. 1963లో కోబాల్ కంపైలరు గురించి అతను రాసిన పత్రంలో ఈ ఆలోచన వివరంగా అచ్చయింది. అతని సమస్య ఏమిటో దగ్గరగా చూడాలి, ఎందుకంటే మన వాదనకు మొదటి సాక్ష్యం అక్కడే ఉంది. కంపైలరులో ఒక భాగం అక్షరాలు చదివి మాటలుగా కూరుస్తుంది. ఇంకో భాగం ఆ మాటలు తీసుకుని వాక్యాలుగా అర్థం చేసుకుంటుంది. ఆనాటి యంత్రాల మెమరీ చాలా చిన్నది. అందుకని మొదటి భాగం మాటలన్నిటినీ అయస్కాంత టేపు మీద రాసేది, రెండో భాగం ఆ టేపును మొదట్నుంచి చదువుకునేది. కాన్వే ఆ టేపును మధ్యలోంచి తీసేయగలిగాడు. వాక్యాల భాగం "తర్వాతి మాట ఇవ్వు" అంటుంది. అక్షరాల భాగం ఆగిన చోటు నుంచి కదిలి ఒక్క మాట కూర్చి ఇచ్చి మళ్లీ ఆగుతుంది. రెండు భాగాలూ తామే అసలు ప్రోగ్రాము అన్నట్టుగా, ఎవరి వరసలో వాళ్లు రాసుకోవచ్చు. గమనించండి, ఇందులో ఆగి సాగడమూ ఉంది, అడిగినప్పుడే ఒక్కొక్కటి ఇవ్వడమూ ఉంది. పుట్టినప్పుడే ఈ రెండూ కవలలు.

లోపల జరిగేది మాయేమీ కాదు. మామూలు పనిముక్క తన తాత్కాలిక లెక్కలను స్టాక్ అనే దొంతరలో ఒక పళ్లెంలా ఉంచుకుంటుంది. పని కాగానే ఆ పళ్లెం దొంతర మీంచి తీసేస్తారు, లెక్కలూ పోతాయి. వంతుపని అయితే ఆగేముందు తన లెక్కలనూ, ఎన్నో మెట్టు దగ్గర ఆగిందన్న గుర్తునూ ఒక మూటగా కట్టి పక్కన భద్రం చేస్తుంది. తిరిగి పిలిచినప్పుడు మూట విప్పి, గుర్తు చూసుకుని, ఆ మెట్టు నుంచి సాగుతుంది. పైథాన్ ఈ మూటను తన నడిచే యంత్రాంగంలోనే ఉంచుకుంటుంది. కాట్లిన్, సీ షార్ప్, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో మూట కట్టే పనిని కంపైలరే చేస్తుంది. లూవా, గో భాషలు ఇంకో దారి తొక్కి దొంతర మొత్తాన్నీ పక్కన పెట్టుకుంటాయి. గో భాషలో ఆ దొంతర 2 కిలోబైట్లతో మొదలవుతుంది. 10,000 వంతుపనులంటే 20 మెగాబైట్లు. ఇందాకటి 80 గిగాబైట్ల పక్కన పెట్టి చూడండి.

మజిలీకో కథ

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీమజిలీ కథలు తెలుగువాళ్లకు బాగా తెలిసినవి. కాశీకి నడిచి వెళుతూ మణిసిద్ధుడు తన వెంట వచ్చే గోపడికి మజిలీ మజిలీకీ కథ చెబుతాడు. కథలన్నీ బయలుదేరే ముందే చెప్పి ముగించాలంటే ప్రయాణమే మొదలయ్యేది కాదు. నడక కొంత, కథ కొంత; గోపడు అడిగితేనే తర్వాతి కథ. కంప్యూటరు భాషలో లేజీ సీక్వెన్స్ అనేది ఇదే. అడిగితేనే వచ్చే వరస అని చెప్పుకోవచ్చు.

ఒకటి మొదలుకుని సంఖ్యలన్నీ ఇమ్మని మామూలు పనిముక్కను అడిగితే, అది పట్టిక తయారుచేస్తూ మెమరీ నిండేదాకా తిరిగి రాదు. అదే వంతుపనికి చెబితే, చేతిలో ఒక సంఖ్య పట్టుకుని, దాన్ని ఇచ్చి ఆగుతుంది. మళ్లీ అడిగితే ఒకటి కలిపి ఇచ్చి ఆగుతుంది. అంతం లేని వరస మొత్తం ఒక్క సంఖ్యా, ఒక్క గుర్తూ ఉన్న మూటలో ఇమిడిపోతుంది.

ఇది లెక్కల సరదా కోసం మాత్రమే కాదు. ఒక సర్వరు దినచర్య రాసుకున్న ఫైలు 50 గిగాబైట్లు ఉందనుకుందాం, మన దగ్గరున్న మెమరీ 8 గిగాబైట్లే. అందులో తప్పు జరిగిందని రాసి ఉన్న మొదటి పది వరసలు కావాలి. మూడు వంతుపనులను బారుగా నిలబెడదాం: ఒకటి ఫైలు చదివేది, ఒకటి వడకట్టేది, ఒకటి పది లెక్కపెట్టి తెర మీద అచ్చువేసేది. పని చివర్నుంచి మొదలవుతుంది. అచ్చువేసేది వడకట్టేదాన్ని "ఒకటి ఇవ్వు" అని అడుగుతుంది. అది చదివేదాన్ని అడుగుతుంది. చదివేది ఒక్క వరస చదివి ఇచ్చి ఆగుతుంది. ఆ వరసలో తప్పు మాట లేకపోతే వడకట్టేది దాన్ని వదిలేసి ఇంకొకటి అడుగుతుంది. ఉంటే ముందుకు అందించి తానూ ఆగుతుంది. పదో వరస అచ్చయ్యాక ఇక అడిగేవాళ్లు లేరు. ఫైలులో ఇంకా 49 గిగాబైట్లు మిగిలి ఉన్నా సరే, చదివే వంతుపని ఆగిన చోటే ఆగిపోతుంది. మిగతాది ఎవరూ ముట్టుకోరు. "ఇక చాలు, ఆపు" అని చెప్పే ఏర్పాటు ఎక్కడా రాయనక్కరలేదు. అడగకపోవడమే ఆపడం. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

ఇప్పుడు రెండు కొసలనూ పక్కపక్కన పెట్టండి. అడిగితేనే వచ్చే వరసలో వంతుపని "నా దగ్గర ఒకటి సిద్ధంగా ఉంది, తీసుకో" అని ఆగుతుంది. ఎసింక్రనస్ పనిలో, అంటే జవాబు కోసం కూర్చోకుండా సాగే పనిలో, వంతుపని "నాకు ఒకటి కావాలి, వచ్చాక లేపు" అని ఆగుతుంది. ఇవ్వడానికి ఆగినా, పుచ్చుకోవడానికి ఆగినా, మూట కట్టడం, విప్పడం ఒకటే. తేడా ఒక్కటే: మొదటిదాన్ని లేపేది అడిగేవాడు, రెండోదాన్ని లేపేది వచ్చిన జవాబు.

మాట భాషది, ఏర్పాటు లైబ్రరీది

ఇది కేవలం పోలిక కాదనడానికి భాషల చరిత్రే సాక్ష్యం. పైథాన్ భాషలోకి 2001లో 2.2 సంచికతో జెనరేటర్లు వచ్చాయి. అప్పట్లో ఆ వంతుపనులు అడిగితేనే వచ్చే వరసలు ఇవ్వడానికే. 2006లో 2.5 సంచిక, ఆగిన జెనరేటర్‌కు బయటి నుంచి విలువ పంపే వీలు కల్పించింది. ఇచ్చి ఆగేది, పుచ్చుకోవడానికీ ఆగగలిగింది. 2014లో 3.4 సంచికతో ఎసింక్‌ఐవో లైబ్రరీ ఆ జెనరేటర్ల మీదే నిలబడింది. 2015లో 3.5 సంచిక వాటికి ఎసింక్, అవైట్ అనే సొంత మాటలు ఇచ్చింది. సీ షార్ప్ కూడా ఈ వరసలోనే నడిచింది: 2005లో అడిగితేనే వచ్చే వరసలు, 2012లో ఎసింక్, అవైట్. రెండు వేరువేరు బృందాలు ఒకే మెట్లు ఎక్కాయంటే ఆ మెట్లు ఆలోచనలోనే ఉన్నాయన్నమాట.

భాష ఇచ్చేది మూట కట్టే నేర్పు మాత్రమే. ఎప్పుడు ఎవర్ని లేపాలో చూసే మేస్త్రీ ఒకరు కావాలి. ఆ మేస్త్రీని ఇచ్చేవే కోరొటీన్ లైబ్రరీలు. 2018లో 1.3 సంచికతో కాట్లిన్‌లో కోరొటీన్లు స్థిరపడ్డాయి. అందులో భాష చేర్చిన ముఖ్యమైన మాట సస్పెండ్ ఒక్కటే. మిగతా ఏర్పాట్లలో చాలా భాగం కాట్లిన్‌ఎక్స్ కోరొటీన్స్ అనే లైబ్రరీలో ఉంది. సీ ప్లస్ ప్లస్ ఇంకా పిసినారిగా ఇచ్చింది. 2020 ప్రమాణంలో మూడు కొత్త మాటలు చేర్చి, వాటితో ఏం కట్టుకోవాలో రాసేవాళ్లకే వదిలేసింది. ఆ ఖాళీని లూయిస్ బేకర్ రాసిన సీపీపీకోరో లాంటి లైబ్రరీలు పూరించాయి. అడిగితేనే వచ్చే వరసలకు ప్రామాణిక జెనరేటర్ 2023 ప్రమాణంలో గాని రాలేదు. ఇలా విడదీయడం మంచిదే. ఫోన్ యాప్‌కు కావలసిన మేస్త్రీ వేరు, బ్యాంకు సర్వరుకు కావలసిన మేస్త్రీ వేరు. భాష ఒకరినే నిర్ణయించి పెడితే ఇంకొకరికి ఇబ్బంది.

మంచి లైబ్రరీకి ఒక గీటురాయి ఉంది. మొదలుపెట్టిన వంతుపనులు ఎటుపోయాయో దానికి తెలియాలి. పిల్లల్ని తిరునాళ్లకు తీసుకెళ్లిన పెద్దలు అందరూ చేరాకే బండి కదిలిస్తారు. ఒక పిల్లవాడికి దెబ్బ తగిలితే మిగతావాళ్లనూ పిలుచుకుని ఇంటికి బయలుదేరతారు. కాట్లిన్ లైబ్రరీలోని స్కోప్, 2022లో పైథాన్ 3.11కు వచ్చిన టాస్క్‌గ్రూప్ చేసేది ఈ పనే. ఈ బాధ్యత లేని లైబ్రరీలో పుట్టిన తప్పు ఎవరి కంటా పడకుండా పోతుంది.

కాదనలేని అభ్యంతరాలు

దీనివల్ల లెక్కలు వేగంగా జరుగుతాయా అని అడిగితే, జరగవు. వంతుపనులు ఎదురుచూపును మాత్రమే పొదుపు చేస్తాయి. బొమ్మలో ముఖాలు గుర్తుపట్టడం లాంటి బరువు పనికి ఇంకో ప్రాసెసరు కోర్ కావాలి. అంతకన్నా పెద్ద చిక్కు కూడా ఉంది. ఒకే థ్రెడ్ మీద నడిచే వంతుపనుల్లో ఒకటి రెండు సెకన్లపాటు ఆగకుండా లెక్క చేసిందంటే మిగతావన్నీ ఆ రెండు సెకన్లూ నిలిచిపోతాయి. వంతలకు వంతివ్వని కథకుడిని ఎవరూ బలవంతాన ఆపలేరు. థ్రెడ్లను ఆపరేటింగ్ సిస్టం బలవంతంగా ఆపగలదు, ఆ మేరకు వాటిదే పైచేయి. కాబట్టి బరువు పనిని వేరే థ్రెడ్లకు పంపి, ఎదురుచూపును వంతుపనులకు వదలాలి. లైబ్రరీల్లో ఆ వీలు ఉంటుంది.

వంతుపనుల్లో ఒకరి పనిలో ఒకరు చేయి పెట్టే ప్రమాదం లేదని కొందరు చెబుతారు. ఆ మాట సగమే నిజం. ఒక ఖాతాలో వెయ్యి రూపాయలున్నాయి. 800 కావాలని రెండు అభ్యర్థనలు వచ్చాయి. మొదటి వంతుపని నిల్వ చూసింది, చాలినంత ఉంది, మోసగాళ్ల జాబితా చూడమని ఇంకో సర్వరును అడిగి ఆగింది. ఆ సందులో రెండోది వచ్చి నిల్వ చూసింది. ఇంకా వెయ్యే ఉంది, అదీ అడిగి ఆగింది. జవాబులు వచ్చాక ఇద్దరూ తలా 800 తీశారు. అవైట్ అన్న ప్రతి చోటా బయటి ప్రపంచం మారి ఉండవచ్చు. లేచాక నిల్వ మళ్లీ చూడాలి, లేదా మొదట్లోనే తాళం వేయాలి. అయితే థ్రెడ్లలో ఈ ప్రమాదం ఏ రెండు అడుగుల మధ్యనైనా పొంచి ఉంటుంది, ఇక్కడ మాట రాసి ఉన్న చోటే ఉంటుంది. ఎక్కడ వెతకాలో తెలియడం చిన్న మేలు కాదు.

మూడో అభ్యంతరాన్ని బాబ్ నైస్ట్రామ్ అనే ప్రోగ్రామరు 2015లో బలంగా వినిపించాడు. ఒక పనిముక్క ఆగగలిగేదైతే దాన్ని పిలిచేదీ ఆగగలిగేదే కావాలి, దాన్ని పిలిచేదీ అంతే. ఎసింక్, అవైట్ అన్న గుర్తు పసుపు అంటినట్టు ప్రోగ్రాము పొడవునా అంటుకుంటుంది, పాత లైబ్రరీలతో పొసగదు. ఇది నిజమైన బాధ. గో భాష మొదట్నుంచీ, జావా 2023లో 21వ సంచికతోనూ ఆ గుర్తు రాయనక్కరలేని దారి ఎంచుకున్నాయి. అక్కడ ఆగడం కంటికి కనిపించదు. కనిపించే గుర్తే మంచిదని నా అభిప్రాయం. పైన చెప్పిన ఖాతా కథలో తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపగలిగామంటే ఆ గుర్తు వల్లే. కాని లక్షల వరసల పాత జావా ప్రోగ్రాములున్న సంస్థకు రెండో దారే ఆచరణకు వస్తుందని ఒప్పుకోవాలి. రెండింటిలోనూ లోపల జరిగేది ఒకటే: ఆగిన చోటును భద్రం చేయడం.

అడిగితేనే వచ్చే వరసలకూ తమ చిక్కులున్నాయి. ఫైలు తెరిచిన చోట కాకుండా, ఎక్కడో దూరంగా మొదటి వరస అడిగిన చోట తప్పు బయటపడుతుంది. ఈలోగా ఎవరైనా ఫైలు మూసేసి ఉంటే కారణం వెతుక్కోవడం కష్టం. ఒకసారి నడిచిన వరసను మళ్లీ మొదట్నుంచి నడపలేం, కొత్తది పుట్టించుకోవాలి. సమాచారం చిన్నదైతే మామూలు పట్టికే మేలు.

ప్రోగ్రామింగ్ కొంచెం తెలిసినవాళ్లు ఇదంతా అయిదు నిమిషాల్లో తమ కళ్లతో చూడవచ్చు. పైథాన్‌లో ఒక చిన్న జెనరేటర్ రాయండి. మొదటి వరసలో "లేచాను" అని ప్రింట్ చేయించండి, రెండో వరసలో ఈల్డ్‌తో ఒక సంఖ్య ఇప్పించండి, మూడో వరసలో "మళ్లీ లేచాను" అని ప్రింట్ చేయించండి. ఇప్పుడు దాన్ని పేరు పెట్టి పిలవండి. తెర మీద ఏమీ రాదు, ఒక మూట మాత్రం మీ చేతికి వస్తుంది. నెక్స్ట్ అని అడిగినప్పుడే "లేచాను" కనిపిస్తుంది, సంఖ్య అందుతుంది. రెండో మాట కనిపించాలంటే ఇంకోసారి అడగాలి.